ఒకే ఇంటి గొంతులు: బీ జీస్, కార్పెంటర్స్, ఎవర్లీ బ్రదర్స్ ఇప్పటికీ ఎందుకిలా పట్టేస్తారు?

వాల్తేరు అబ్బాయి | శనివారం రాత్రి 9:12

ఇక్కడ సినిమా పాటల మీద థ్రెడ్లు కోకొల్లలు. వెస్టన్ పాటల మీద ఒక్కటీ రెండో పేజీ దాటలేదు. ఇదైనా దాటుతుందేమో చూద్దాం.

బీ జీస్, కార్పెంటర్స్, ఎవర్లీ బ్రదర్స్, జాక్సన్ 5. ప్రతి బృందంలోనూ ఒకే ఇంటి పిల్లలు. ఎనభైల్లో వైజాగ్‌లో చదువుకున్న మా బ్యాచ్‌కి ఇంగ్లిష్ పాటంటే ముందు వీళ్ళే. ఖాళీ క్యాసెట్ కొని, కావలసిన పాటలు కాగితం మీద రాసిస్తే షాపాయన నింపి ఇచ్చేవాడు. చివర్లో టేపు మిగిలితే తనకు నచ్చిందేదో ఎక్కించేవాడు, అది సగంలో తెగిపోయేది. అలా సగమే తెలిసిన పాటలు మాకు బోలెడు.

అప్పుడు విన్న మిగతా బ్యాండ్లు ఇప్పుడు వింటే ‘భలే ఉండేది’ అనుకుని పక్కన పెట్టేస్తాను. బీ జీస్ పాత పాటలు, అంటే డిస్కోకి ముందువి, వింటే అలా కుదరదు. చేతిలో పని ఆగిపోతుంది.

1967లో వచ్చిన ‘మసాచుసెట్స్’నే తీసుకోండి. సొంతూరు వదిలేసినవాడు వెనక్కి వెళ్ళాలని బెంగపడే పాట. రాసేనాటికి ఆ అన్నదమ్ములు ఆ రాష్ట్రాన్ని చూడనే లేదు. పేరు పలకడానికి బాగుందని పెట్టుకున్నారు. కానీ వాళ్ళ సంగతి చూడండి: ఐల్ ఆఫ్ మాన్‌లో పుట్టారు, మాంచెస్టర్‌లో పెరిగారు, 1958లో ఇంటిల్లిపాదీ ఓడెక్కి ఆస్ట్రేలియా వెళ్ళారు, 1967 మొదట్లో మళ్ళీ ఇంగ్లండ్ వచ్చారు. ఊరి పేరు అరువు తెచ్చుకున్నదైనా బెంగ మాత్రం సొంతమే.

ఒకే ఇంటివాళ్ళు కలిసి పాడితే వచ్చే ఆ పట్టు ఎక్కడి నుంచి వస్తోంది? గొంతులోనే ఉందా, మనం ఊహించుకుంటున్నామా?

మిక్సింగ్ మామ | శనివారం రాత్రి 9:40

స్టూడియోలో పాతికేళ్ళుగా ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతా.

ఇద్దరు వేరువేరు గాయకులను నిలబెట్టి ‘ఆ’ అని పట్టుకోమనండి. శ్రుతి ఇద్దరిదీ కచ్చితంగా ఉన్నా రెండు గొంతులు రెండుగానే వినిపిస్తాయి. ఎందుకంటే ఇద్దరి ‘ఆ’ ఒకటి కాదు. నోరు తెరిచే తీరు, అంగిలి, నాలుక ఉండే చోటు, చిన్నప్పుడు ఇంట్లో విన్న యాస, అన్నీ కలిసి ఆ అచ్చును తయారుచేస్తాయి. అన్నదమ్ములకు దవడలూ దాదాపు ఒకటే, మాటలు నేర్చిన వంటిల్లూ ఒకటే. అందుకే అచ్చులు అతుకు కనబడకుండా కలిసిపోతాయి.

రెండోది పదం చివర. ‘ట’, ‘స’ లాంటి హల్లులు ఎప్పుడు వదలాలన్నది. కోరస్ పాడేవాళ్ళతో నా సగం రోజు వీటిని సర్దడానికే పోతుంది. ఒకరు ముందు, ఒకరు వెనక. చిన్నప్పటి నుంచి కలిసి పాడినవాళ్ళకు ఆ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కూడా.

బీ జీస్ ముగ్గురు అన్నదమ్ముల్లో అందరూ బ్యారీ గురించి, రాబిన్ గురించి మాట్లాడతారు. మారిస్ గొంతు విడిగా ఎవరికీ గుర్తుండదు. కానీ మూడు గొంతులున్న చోట అతని ట్రాక్ మూసి వింటే మిగిలిన ఇద్దరూ ఎవరికి వారైపోతారు.

తిక్క శంకరం | శనివారం రాత్రి 10:05

సైన్సు బాగానే ఉంది గానీ, మామా, జనం ఏడుస్తున్నది అచ్చులు కలిసినందుకు కాదు. ఎవరు ఎలా పోయారో తెలుసు కాబట్టి.

కార్పెంటర్స్ గాయని కారెన్ కార్పెంటర్ 1983లో 32 ఏళ్ళకే పోయిందని తెలియకుండా ఆ పాటలు వినండి. శుభ్రమైన, చక్కగా ఇస్త్రీ చేసిన పాప్ పాటలు. ‘వియ్‌వ్ ఓన్లీ జస్ట్ బిగన్’ మొదట ఏమిటో తెలుసా? బ్యాంకు ప్రకటన! కాలిఫోర్నియాలో ఒక బ్యాంకు కొత్తగా పెళ్ళయిన జంటల్ని ఆకర్షించడానికి టీవీలో వేసుకున్న ముక్క. కారెన్ అన్నయ్య రిచర్డ్ కార్పెంటర్ అది చూసి, మిగతా పాట ఉందా అని రచయితను అడిగి తీసుకున్నాడు. 1970లో రికార్డు చేశారు. ఇప్పుడు దాన్ని వింటూ కళ్ళు తుడుచుకుంటున్నారు. బ్యాంకు ప్రకటనకు అండీ!

మిగిలింది మన వయసు. క్యాసెట్ రోజులు గుర్తొచ్చి ఏడుస్తాం, నేరం పాట మీద వేస్తాం.

జాను | శనివారం రాత్రి 10:21

శంకరం గారూ, నాకు క్యాసెట్ రోజులు లేవు, నేను 2001లో పుట్టాను 🙂

కార్పెంటర్స్ ‘సూపర్‌స్టార్’ మొదటిసారి విన్నప్పుడు ఆవిడెవరో, బతికుందో లేదో ఏమీ తెలీదు. బస్సులో హెడ్‌ఫోన్స్‌లో వచ్చింది. ఆ కింది స్థాయి గొంతు మొదలవగానే ఏదో అయింది. దిగాల్సిన స్టాప్ దాటిపోయింది కూడా. ఆ తర్వాతే ఆవిడ కథ చదివాను. కాబట్టి మీ లెక్క నా దగ్గర పని చెయ్యదు.

మిక్సింగ్ మామ | శనివారం రాత్రి 10:38

జాను చెప్పిన పాట గురించి ఒక మాట. 1971లో ఆ పాట రికార్డింగ్ రోజున కారెన్ పాడింది అసలు ఫైనల్ కోసం కాదట. వాయిద్యాలవాళ్ళకు దారి తెలియడానికి పాడే గైడ్ ట్రాక్. అన్నయ్య నాప్‌కిన్ మీద గీకిచ్చిన సాహిత్యం చూస్తూ పాడేసింది. చివరికి దాన్నే ఉంచేశారు. ప్రాణం పెట్టి పాడాలని కూర్చున్నప్పుడు రానిది, పక్కన ఇంటిమనిషి ఉన్నాడన్న నిశ్చింతలో వచ్చింది. నా అనుభవంలో ఇది చాలాసార్లు జరిగింది, మన గాయకుల దగ్గరా.

ఇంకోటి, వాళ్ళ కోరస్‌లో వినిపించే గుంపు మొత్తం ఆ ఇద్దరే. ఒక్కో వరుసా పాడి, దాని మీద మళ్ళీ పాడి, పొరలు పొరలుగా పేర్చారు. ఇంట్లో ఉన్నది ఇద్దరే, వినిపించేది పెద్ద కుటుంబం.

నర్సాపురం ఆల్టో | ఆదివారం ఉదయం 7:02

చర్చికి వెళ్ళే ముందు ఇది రాస్తున్నాను. హార్మనీ అనగానే అందరూ వెస్టన్ అంటారు గానీ, గోదావరి జిల్లాల్లో చర్చి క్వయర్‌లో పెరిగినవాళ్ళకు సోప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అన్నవి చిన్నప్పటి మాటలే. మా అక్క సోప్రానో, నేను ఆల్టో. అంటే రాగం అక్కది, దాని కింద నడిచేది నాది. ఆల్టో పాడేవాళ్ళ బాధ ఆల్టోలకే తెలుసు. ఇంటికొచ్చాక ఒంటరిగా పాడుకుంటే అది పాటలాగే ఉండదు.

అక్క పెళ్ళయి వెళ్ళిపోయాక ఆ చోట చాలా మంచి గొంతున్న అమ్మాయి వచ్చింది. అక్క కంటే శ్రుతి బాగా పట్టేది. అయినా నాకు కలిసేది కాదు. అక్క ‘ప్రభువా’ అనేటప్పుడు ‘వా’ దగ్గర కొంచెం ఆలస్యంగా దిగేది. నేనూ తెలియకుండానే అంతే దిగేదాన్ని. కొత్తమ్మాయి సరిగ్గా తాళానికి దిగేది. సరిగ్గా ఉన్నదే నాకు తేడాగా వినిపించేది. మామగారు చెప్పిన హల్లులూ అచ్చుల సంగతి చదివాక ఇదే గుర్తొచ్చింది.

ఇక బీ జీస్‌లో బ్యారీ సంగతి. తమ్ముడు ఆండీ 1988లో, మారిస్ 2003లో, రాబిన్ 2012లో పోయారు. ముగ్గురూ తనకంటే చిన్నవాళ్ళే. 2020లో వచ్చిన డాక్యుమెంటరీలో ఆయన, హిట్లు ఒక్కటీ లేకపోయినా సరే, వాళ్ళు ముగ్గురూ ఇక్కడుంటే చాలన్న మాట అంటాడు. నాకు అర్థమైంది. ఆల్టో కదా.

కోలియరీ బిడ్డ | ఆదివారం ఉదయం 10:15

మాది గోదావరిఖని. వాల్తేరు అన్నా, మీరు ‘మసాచుసెట్స్’ అన్నరు, నన్ను పట్టుకున్నది దానికంటే ముందు పాట. ‘న్యూయార్క్ మైనింగ్ డిజాస్టర్ 1941’. అదే వాళ్ళకు బ్రిటన్‌లో, అమెరికాలో మొదటి హిట్టు.

గని కూలిపోయి లోపల చిక్కుకున్న మనిషి, పక్కనున్న ఇంకో కార్మికునికి తన భార్య ఫోటో చూపిస్తడు. గట్టిగ మాట్లాడకు, కొండచరియ పడుతదని చెప్తడు. అంతే పాట. ఏడుపు లేదు, అరుపు లేదు. లోపల గాలి తక్కువున్నోళ్ళు మాట్లాడుకున్నట్టే మెల్లగ పాడుతరు.

1966 అక్టోబర్‌లో వేల్స్‌లో అబెర్‌ఫాన్ అనే ఊళ్ళో బొగ్గుగని వ్యర్థాల గుట్ట జారి బడి మీద పడ్డది. 144 మంది పోయిన్రు, అందులో 116 మంది పిల్లలు. ఆ వార్త మనసులో ఉండంగ కొన్ని నెలలకే వీళ్ళు లండన్‌లో ఒక ఆఫీసు మెట్ల మీద, చీకట్లో కూచొని ఈ పాట కట్టిన్రు. ఆ మెట్ల కాడ గొంతు ప్రతిధ్వనిస్తుంటే, గనిలో ఉన్నట్టుందని మొదలైందట. అప్పటికి బ్యారీకి ఇరవై, కవలలు రాబిన్, మారిస్‌లకు పదిహేడు.

మా నాయిన బొగ్గుబాయి పని చేసిండు. మస్టర్ (హాజరు) పడ్డంక, ల్యాంపు రూములో లైటు తీసుకొని లోపలికి దిగేటోళ్ళు ఎట్ల మాట్లాడుకుంటరో నాకు తెలుసు. బాయిల ఉన్నప్పుడు ఇంటి ముచ్చట్లే ఎక్కువ నడుస్తయని నాయిన చెప్పేటోడు. పొలం, పిల్లల ఫీజులు, బిడ్డ పెండ్లి. బాయి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరట. గని ముఖం చూడని పిలగాండ్లు ఆ ఒక్క సంగతి ఎట్ల పట్టుకున్నరో!

వాల్తేరు అబ్బాయి | ఆదివారం ఉదయం 11:30

కోలియరీ తమ్ముడూ, ఈ ఒక్క పోస్టు కోసమైనా థ్రెడ్ మొదలుపెట్టినందుకు సార్థకం.

డ్యూటీ డాక్టర్ | ఆదివారం మధ్యాహ్నం 2:10

మీరంతా డిస్కోని చిన్నచూపు చూస్తున్నారు కాబట్టి ఒక చిన్న వకాల్తా. గుండె ఆగినవాళ్ళకు ఛాతీ నొక్కేటప్పుడు నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగం ఉండాలి. బీ జీస్ డిస్కో పాట ‘స్టేయిన్ అలైవ్’ వేగం సుమారు 103. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆ పాటతోనే జనానికి ప్రచారం చేసింది. మేం నర్సింగ్ పిల్లలకు నేర్పేటప్పుడు వాళ్ళు మనసులో ఏదో ఒక మాస్ పాట పాడుకుంటారు, టెన్షన్‌లో అది పరుగెడుతుంది. ఈ పాట పరుగెత్తదు.

మిక్సింగ్ మామ | ఆదివారం మధ్యాహ్నం 2:33

పరుగెత్తదు, ఎందుకంటే అది మనిషి వాయించింది కాదు డాక్టర్ గారూ! 1977లో ఫ్రాన్స్‌లో ఒక పాత కోటలాంటి స్టూడియోలో పని జరుగుతుంటే, వాళ్ళ డ్రమ్మర్ ఇంట్లో ఆపద వచ్చి వెళ్ళాల్సి వచ్చింది. అప్పటికే అయిపోయిన ‘నైట్ ఫీవర్’ డ్రమ్స్‌లోంచి చిన్న ముక్క టేపు కోసి, రెండు చివరలూ అతికించి, గుండ్రంగా తిప్పుతూ దాని మీద పాట కట్టారు. రికార్డు మీద డ్రమ్మర్ పేరు వెయ్యాలిగా, లేని మనిషికి ‘బెర్నార్డ్ లూప్’ అని పేరు పెట్టేశారు. తర్వాత ఆయన కోసం వాకబు చేసినవాళ్ళు కూడా ఉన్నారట.

తిక్క శంకరం | ఆదివారం సాయంత్రం 4:48

అందరూ ‘ఒకే ఇల్లు, ఒకే గొంతు’ అని మురిసిపోతున్నారు. ఆ ఇళ్ళలోకి కూడా ఒకసారి తొంగి చూడండి.

జాక్సన్ 5. తండ్రి బెల్టు పట్టుకుని రిహార్సల్స్ చేయించేవాడని మైకేల్ జాక్సనే పెద్దయ్యాక చెప్పుకున్నాడు. బీచ్ బాయ్స్‌లో ముగ్గురు అన్నదమ్ములు, ఒక కజిన్, ఒక స్నేహితుడు. తండ్రి మర్రీ విల్సన్ 1969లో కొడుకు బ్రయాన్ రాసిన పాటల హక్కుల్ని 7 లక్షల డాలర్లకు అమ్మేశాడు. ఆ పాటల విలువ తర్వాత ఎంతకు పోయిందో మీకే తెలుసు. అన్నదమ్ముల మధ్య ప్రేమ పాటలో వినిపిస్తోందంటున్నారే, నాకైతే భయం కూడా వినిపిస్తుంది. పిల్లలు అంత పర్ఫెక్ట్‌గా పాడుతున్నారంటే ఎవరో తప్పు పాడనివ్వలేదన్నమాట.

పాత రికార్డు | ఆదివారం సాయంత్రం 6:20

శంకరం గారు అన్న దాంట్లో నిజం లేకపోలేదు. కానీ అది విన్నాక పాట మీద ఇష్టం తగ్గాలి కదా, నాకు పెరుగుతోంది. ఎవర్లీ బ్రదర్స్ సంగతి చెబుతాను, అక్కడ నాకు కొంచెం అర్థమైంది.

డాన్, ఫిల్. తల్లిదండ్రులు ఐక్, మార్గరెట్ ఇద్దరూ పాడేవాళ్ళే. అయోవాలో షెనాండోవా అనే చిన్న ఊరి రేడియోలో కుటుంబమంతా కలిసి ప్రోగ్రాం ఇచ్చేవాళ్ళు. పిల్లలు బడికి వెళ్ళే ముందు పొద్దున్నే మైకు ముందు నిలబడేవాళ్ళు. 1957లో ‘బై బై లవ్’, 1958లో ‘ఆల్ ఐ హావ్ టు డూ ఈజ్ డ్రీమ్’. డాన్‌ది కింది వరుస, ఫిల్‌ది పైది. మామూలుగా హార్మనీ అంటే ఒకరిది అసలు రాగం, రెండోది దానికి తోడు. వీళ్ళ పాటల్లో పై వరుస ఒక్కటే పాడినా పాటే, కింది వరుస ఒక్కటే పాడినా పాటే. బీటిల్స్, సైమన్ అండ్ గార్ఫంకెల్ కూర్చుని నేర్చుకున్నది ఈ ఇద్దరి దగ్గరే.

ఇంత కలిసిపోయిన గొంతులవాళ్ళకు మనుషులుగా పడేది కాదు. 1973 జులై 14న కాలిఫోర్నియాలో ఒక వినోద పార్కులో కచేరీ. డాన్ సరిగ్గా పాడే స్థితిలో లేడు. ఫిల్ గిటారు నేలకేసి కొట్టి స్టేజి దిగిపోయాడు. ఆ రాత్రి మిగిలిన కచేరీ డాన్ ఒక్కడే నడిపాడు. ఆ తర్వాత పదేళ్ళ పాటు ఇద్దరికీ మాటల్లేవనే చెప్పాలి. మధ్యలో తండ్రి పోయినప్పుడు కలిశారు, అంతే.

1983 సెప్టెంబర్‌లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో మళ్ళీ కలిసి పాడారు. ఆ రికార్డింగ్ దొరుకుతుంది, వినండి. పదేళ్ళు పలకరించుకోని మనుషులు మొదటి పాట మొదలెట్టగానే ఊపిరి ఒకే చోట తీసుకుంటారు. అక్కడ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఆస్తి తగాదాల్లో కోర్టు మెట్లెక్కిన అన్నదమ్ములు తద్దినం నాడు పక్కపక్కన కూర్చుని, అడక్కుండానే ఒకరికొకరు దర్భలు అందించుకోవడం మన ఊళ్ళల్లో చూడలేదా? అలా ఉంటుంది.

ప్రేమ ఉంది కాబట్టి అంత బాగా పాడారని నేను అనుకోవడం లేదు. బయట వాళ్ళ వల్ల కానిది మైకు ముందు అయ్యేది. వినేవాడికి తెలియకుండానే అది అందుతుంది. ఇంట్లో ఎవరితోనో మాటల్లేని ప్రతివాడికీ అందుతుంది.

నర్సాపురం ఆల్టో | ఆదివారం రాత్రి 8:05

పాత రికార్డు గారూ, చివరి మాట కొంచెం గట్టిగానే తగిలింది.

రాగమాలిక | ఆదివారం రాత్రి 8:44

మన వైపు నుంచి ఒక సంగతి. కర్ణాటక సంగీతంలో పై వరుస, కింది వరుస ఉండవు. ఇద్దరు పాడినా ఒకే స్వరం. అందుకని అన్నదమ్ముల పొందిక ఇంకో చోట బయటపడుతుంది. మల్లాది సోదరుల కచేరీలో ఆలాపన వినండి. ఒకరు ఎక్కడ వదిలారో రెండోవారు సరిగ్గా అక్కడే, అదే మూడ్‌లో అందుకుంటారు. మొదట తండ్రి సూరిబాబు గారి దగ్గర, తర్వాత నేదునూరి కృష్ణమూర్తి గారి దగ్గర ఇద్దరూ ఒకే పాఠం. హైదరాబాద్ బ్రదర్స్ రాఘవాచారి, శేషాచారి గార్లది మరో అందం. ఒకరి గొంతు బరువు, ఇంకొకరిది చురుకు. ఆ తేడా దాచరు, దాన్నే వాడుకుంటారు.

కాకపోతే మన దగ్గర కళ్ళు చెమర్చేది కీర్తనకు, పాడే అన్నదమ్ముల కథకు కాదు. ఎవరు ఎవరితో పోట్లాడారో మనకు అక్కర్లేదు. అది మంచిదే అనుకుంటాను.

హ్యూస్టన్ అత్తయ్య | ఆదివారం రాత్రి 9:30

అందరూ అన్నదమ్ముల గురించే చెబుతున్నారు. వింజమూరి అనసూయ, సీత అక్కచెల్లెళ్ళను ఎవరూ తలుచుకోరేం? దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి మేనకోడళ్ళు. పెద్దింటి ఆడపిల్లలు పొలం పాటలు, దంపుళ్ళ పాటలు వేదికెక్కి పాడటం అప్పట్లో మాటలా? జానపదాన్ని రేడియోలోకీ, సభల్లోకీ తెచ్చింది వాళ్ళే. ‘జయజయజయ ప్రియభారత’ మా అమ్మ తరం వాళ్ళ గొంతుల్లోనే విని నేర్చుకుంది.

అనసూయ గారు చివరి రోజులు ఇక్కడ మా హ్యూస్టన్‌లోనే గడిపి 2019లో పోయారు. ఆ అక్కచెల్లెళ్ళ పాత రికార్డు ఒకటి మా మనవరాలికి వినిపిస్తే, తెలుగు సగమే వచ్చిన పిల్ల, ‘ఇద్దరు పాడుతున్నారా, ఒక్కరా’ అని అడిగింది. వెస్టన్ హార్మనీ కాదుగా, ఒకే రాగం ఇద్దరూ పాడతారు. ఒక్కరే అనుకుంటుండగా ఎక్కడో ఒక గమకం దగ్గర రెండో మనిషి బయటపడుతుంది.

కోలియరీ బిడ్డ | ఆదివారం రాత్రి 9:52

హైదరాబాద్ వార్సీ బ్రదర్స్ ఖవ్వాలీని కూడా లెక్కలో వేసుకోండి. నజీర్, నసీర్ సాబ్‌లు. తాత అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ పద్మశ్రీ. వెనక చప్పట్లు కొట్టి పాడేటోళ్ళు కూడా ఆ కుటుంబపోళ్ళే ఉంటరు. రాగమాలిక గారన్నట్టు అక్కడ కూడా కథలు అక్కర్లేదు. ఒక లైను పది సార్లు తిప్పి పాడుతరు, పదోసారికి మనం వేరే మనిషి అయితం.

తిక్క శంకరం | సోమవారం ఉదయం 8:15

రాత్రి ఆల్బర్ట్ హాల్ రికార్డింగ్ విన్నాను. బాగుంది. నా మాట మీదే ఉన్నాను: గిటారు పగలగొట్టిన కథ ముందు చదవకపోతే ఆ ఊపిరి దగ్గర ఆగి ఉండేవాణ్ణి కాదు.

జాను | సోమవారం ఉదయం 8:31

ఆగారుగా మొత్తానికి 😄

ఒక డౌటు. రాబిన్ పోయాక బ్యారీ ఒక్కడే టూర్ చేశాడని చదివాను. తమ్ముళ్ళు లేకుండా ఆ పాటలు ఎలా పాడాడు?

పాత రికార్డు | సోమవారం ఉదయం 9:04

2013 టూర్‌లో మారిస్ కూతురు సమంతా, బ్యారీ కొడుకు స్టీఫెన్ పక్కన ఉన్నారు. ‘హౌ కెన్ యూ మెండ్ ఎ బ్రోకెన్ హార్ట్’ సమంతాతో కలిసి పాడాడు. 1971లో అమెరికాలో వాళ్ళకు మొదటి నంబర్ వన్ అది. దాని వెనకా గొడవ ఉంది. 1969లో రాబిన్ అలిగి విడిపోయి, ఏడాది దాటాక తిరిగొచ్చాడు. రాజీ కుదిరాక కలిసి కూర్చున్నప్పుడు బ్యారీ, రాబిన్ రాసిన పాట. పెదనాన్న పక్కన ఆ అమ్మాయి పాడుతుంటే అచ్చులు వినండి. మామగారి లెక్క తరం దాటినా పని చేస్తోంది.

వాల్తేరు అబ్బాయి | సోమవారం ఉదయం 9:40

రెండో పేజీకి వచ్చేశాం! ఇప్పుడు అసలు గొడవ. అబ్బా బృందం ఈ థ్రెడ్‌లోకి వస్తుందా రాదా? రక్తసంబంధం లేదు, కానీ రెండు జంటలు. రెండు జంటలూ విడాకులు తీసుకున్నాయి. 1980లో బియోర్న్ రాసిన ‘ది విన్నర్ టేక్స్ ఇట్ ఆల్’ని ఆయన మాజీ భార్య అగ్నెథాయే పాడింది.

తిక్క శంకరం | సోమవారం ఉదయం 9:43

వస్తుంది. నా వాదనకు అంతకంటే సాక్ష్యం లేదు.

మిక్సింగ్ మామ | సోమవారం ఉదయం 9:47

రాదు. వాళ్ళది స్టూడియో పనితనం, ఇంటి గొంతు కాదు.

మోడరేటర్ | సోమవారం ఉదయం 10:20

అబ్బాకు వేరే థ్రెడ్ తెరిచాను, ఆ వాదన అక్కడ చేసుకోండి. మల్లాది, వార్సీ, వింజమూరి వారి రికార్డింగుల వివరాలు ఉన్నవాళ్ళు ఇక్కడే పెట్టండి. పైరసీ కాపీలు వద్దు.